లేయర్ కోడితో ఇటాలియన్ చికెన్ సూప్, మన కుక్కర్‌లోనే

ఈసారి చికెన్ షాపుకి వెళ్లినప్పుడు బాయిలర్ అడక్కండి, లేయర్ ఉందా అని అడగండి. గుడ్లు పెట్టడం తగ్గిపోయాక ఫారం వాళ్లు అమ్మేసే కోడి అది. తణుకు, అనపర్తి చుట్టుపక్కల గుడ్ల ఫారాలు ఎన్నున్నాయో మనకి తెలిసిందే కాబట్టి గోదావరి జిల్లాల్లో అది దొరకడం పెద్ద కష్టం కాదు, ధర కూడా మామూలుగా తక్కువే ఉంటుంది. కూరకి మాత్రం దాన్ని పెద్దగా ఎవరూ ఇష్టపడరు. ముక్క గట్టి, నములుతూ కూర్చోవాలి, పైగా లోపల కొవ్వు. సూప్‌కి కావలసినవి సరిగ్గా ఆ గుణాలే. ముసలి కోడితోనే మంచి సూప్ నీళ్లు వస్తాయని ఇటలీలో సామెత కూడా ఉంది, అందులో నిజం ఉంది. బాయిలర్‌ని ఐదారు వారాలకే కోసేస్తారు, లేయర్ ఏడాది దాటి బతికిన కోడి, దాని కండల్లోనూ కీళ్ల దగ్గరా ముదిరిన కొలాజెన్ వేడికి నిదానంగా కరిగి జెలటిన్ అవుతుంది, నీళ్లలాంటి సూప్‌కీ నోటికి నిండుగా తగిలే సూప్‌కీ తేడా చాలావరకు అదే. ఇటలీలో దీన్ని చిన్న మంట మీద రెండు మూడు గంటలు ఉంచుతారు. మనకి కుక్కర్ ఉంది, గంటలో అయిపోతుంది.

లేయర్ దొరక్కపోతే బాయిలర్‌తోనే చేసుకోండి, పని ఇంకా తొందరగా, ముప్పావుగంటలోపే తేలిపోతుంది. కాకపోతే బోన్‌లెస్ మాత్రం వద్దు. ఎముకలు లేకుండా ఈ సూప్ లేదు. షాపు అబ్బాయిని మెడ, వీపు, రెండు కాళ్లు కూడా వేయమనండి, కాళ్లు చాలామంది వదిలేస్తారు గానీ జెలటిన్ ఎక్కువ వచ్చేది వాటిలోంచే. నాటుకోడికి చేసినట్టు పసుపు రాసి కాల్చి ఇస్తామంటారు కొన్నిచోట్ల, వద్దని చెప్పండి, ఆ పొగవాసనా పసుపురంగూ సూప్‌లోకి దిగిపోతాయి.

ఇంకో సంగతి ముందే చెప్పేస్తాను. సూప్ అనగానే మనకి హోటల్లో వచ్చే చికెన్ స్వీట్‌కార్న్ సూప్ గుర్తొస్తుంది, కార్న్‌ఫ్లోర్ కలిపి జిగురుగా, పైన గుడ్డు తీగలు, పక్కన వెనిగర్ సీసా. ఇది అది కాదు. దీనికి కార్న్‌ఫ్లోర్ ఒక్క చెంచా కూడా పడదు, చిక్కదనం గింజల్లోంచీ పాస్తాలోంచీ వస్తుంది. భోజనానికి ముందు తాగే పదార్థం కూడా కాదిది, ఇదే భోజనం. ముసురు పట్టి రెండు రోజులుగా బట్టలు ఆరని రోజున రాత్రికి ఇదొక్కటి చేసుకుంటే చాలు, అన్నం వండక్కర్లేదు.

ఇటలీలో కూడా ఇది ఒకే వంటకం కాదు లెండి. రోమ్‌లో వేడి చికెన్ నీళ్లలో గిలక్కొట్టిన గుడ్డు పోసి స్ట్రాచతెల్లా అంటారు, నేపుల్స్‌లో ఆకుకూరలూ మాంసం కలిపి మినెస్త్రా మరితాతా అని చేస్తారు, పిల్లలకి జ్వరమొస్తే బియ్యపుగింజంత పాస్తా వేసి పాస్తీనా పెడతారు. మనం చేసేది ఇళ్లల్లో చేసుకునే రకం, కూరగాయలు, గింజలు, పాస్తా, ఆకుకూర, చికెన్ అన్నీ పడేది.

నలుగురికి ఏమేం కావాలి

ఎముకతో ఉన్న చికెన్ 700 గ్రాములు (లేయర్ అయితే సగం కోడి సరిపోతుంది), ఉల్లిపాయలు పెద్దవి రెండు, క్యారెట్లు మూడు, సెలెరీ కాడలు రెండు, వెల్లుల్లి ఐదారు రెబ్బలు, బాగా పండిన టమాటాలు రెండు, బొబ్బర్లు 100 గ్రాములు, చిన్న పాస్తా 100 గ్రాములు, పాలకూర ఒక కట్ట, మిరియాలు, ఉప్పు, ఆలివ్ నూనె రెండు మూడు టేబుల్ స్పూన్లు, ఒక నిమ్మకాయ, వామాకు ఒకటి రెండు. ఇంట్లో పర్మజాన్ చీజ్ ఉంటే మంచిది, లేకపోతే టెన్షన్ వద్దు.

అల్లం లేదు, గమనించారా? పొరపాటున కాదు. అల్లంవెల్లుల్లి ముద్ద ఒక్క అర చెంచా పడిందంటే మీరు ఎన్ని ఇటలీ సరుకులు వేసినా అది మన ఇంటి చికెన్ పులుసు వాసనే వస్తుంది. గరం మసాలా, ధనియాల పొడి, కరివేపాకు, పచ్చిమిర్చి కూడా ఈ పూటకి అలమారలోనే ఉండనివ్వండి. మా ఇంట్లో పెద్దవాళ్లు ‘కారం లేని కోడేంటండీ, పథ్యమా?’ అన్నారు మొదట్లో. వాళ్ల కోసం కింద ఒక దారి చెప్తాను.

ముందు కోడి కుక్కర్‌లోకి

బొబ్బర్లు పొద్దున్నే నానబోసి ఉంటే సరే. మర్చిపోతే ఇప్పుడే కడిగి ఇంకో చిన్న కుక్కర్‌లో నీళ్లు పోసి పెట్టేయండి, నానకపోయినా ఐదారు కూతలకి మెత్తబడతాయి, బొబ్బర్లు రాజ్మా అంత మొండివి కావు. ఉడికాక ఆ నీళ్లు పారబోయకండి.

ఐదు లీటర్ల కుక్కర్ తీసుకుని చికెన్ ముక్కలు, ఒక ఉల్లిపాయ నాలుగు చెక్కలు, ఒక క్యారెట్ పెద్ద ముక్కలుగా, పది మిరియాలు, అర టీస్పూన్ ఉప్పు వేసి లీటరున్నర చన్నీళ్లు పోయండి. వేన్నీళ్లు వద్దు, చన్నీళ్లతో మొదలుపెడితే రసం మెల్లగా దిగుతుంది, మురికి అంతా నురగగా పైకి తేలుతుంది. మూత పెట్టకుండానే మంట మీద పెట్టి, మరగడం మొదలయ్యేసరికి పైకి వచ్చే బూడిదరంగు నురగని గరిటెతో తీసేస్తూ ఉండండి. మూడు నాలుగు నిమిషాల పని. దీన్ని దాటేసి నేరుగా మూత బిగించేస్తే కొంప మునిగేదేం లేదు గానీ సూప్ మడ్డిగా, కొంచెం నీచు వాసనగా వస్తుంది. చికెన్ తినడానికి మొహమాటపడే పిల్లలున్న ఇంట్లో ఆ నీచు వాసనే అసలు సమస్య.

నురగ పోయాక మూత బిగించండి. ఒక కూత రాగానే మంట సిమ్‌లో పెట్టి లేయర్‌కి 25 నిమిషాలు, బాయిలర్‌కి 8 నుంచి 10 నిమిషాలు. కూతలు లెక్కపెట్టే అలవాటు మనది, ఇక్కడ మాత్రం గడియారం చూసుకోండి, ఎందుకంటే ఒక్కో కుక్కర్ ఒక్కోలా కూస్తుంది, సిమ్‌లో కొన్ని అసలు కూయవు. ఆర్పాక వెయిట్ ఎత్తి ఆవిరి వదలకండి. ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతే లోపల నీళ్లు ఉధృతంగా మరిగి, ఇందాక మనం కష్టపడి తేర్చిందంతా మళ్లీ మడ్డి అవుతుంది. దానంతటదే దిగనివ్వండి, పది నిమిషాలు పడుతుంది, ఈలోపు మనకి వేరే పని ఉంది.

అసలు రుచి పుట్టేది ఇక్కడ

ఉల్లిపాయ, క్యారెట్, సెలెరీ మూడూ సన్నగా తరిగి నూనెలో మెల్లగా మగ్గబెట్టడం. ఇటలీలో దీన్ని సొఫ్రిట్టో అంటారు, సూప్ కావచ్చు, మాంసం కూర కావచ్చు, పాస్తా సాస్ కావచ్చు, అక్కడి వంటల్లో సగం దీంతోనే మొదలవుతాయి. మనకి తాలింపు ఎలాగో వాళ్లకిది అలాగ, ఒక్క తేడా ఏంటంటే తాలింపు అరనిమిషంలో చిటపటలాడి అయిపోతుంది, దీనికి పది పన్నెండు నిమిషాల ఓపిక కావాలి.

అడుగు మందంగా ఉన్న పెద్ద గిన్నె పెట్టి రెండు టేబుల్ స్పూన్ల ఆలివ్ నూనె పోయండి. నూనె పొగలు రాకముందే మిగిలిన ఉల్లిపాయ, రెండు క్యారెట్లు, రెండు సెలెరీ కాడలు (అన్నీ శనగగింజంత ముక్కలుగా) వేసి చిటికెడు ఉప్పు చల్లి మంట బాగా తగ్గించేయండి. ఉప్పు వేస్తే కూరగాయల్లో నీరు ఊరి అడుగంటకుండా మగ్గుతాయి. ఉల్లిపాయ ఎర్రగా వేగితేగానీ మన చేతికి తృప్తి ఉండదు, బిర్యానీకీ కోడికూరకీ అది అవసరం కూడా, ఇక్కడ మాత్రం రంగు మారకూడదు. మెత్తబడి, అద్దంలా మారి, తియ్యటి వాసన రావాలి, అంతవరకే. అంచులు గోధుమరంగులోకి తిరుగుతున్నాయంటే మంట ఎక్కువైందని అర్థం, ఒక గరిటె నీళ్లు చల్లి సర్దుకోండి.

అది మగ్గాక వెల్లుల్లి సన్నగా తరిగి వేయండి, నూరి కాదు. ఒక నిమిషం చాలు, వెల్లుల్లి మాడితే చేదు సూప్ అంతా పాకుతుంది. ఆ వెంటనే టమాటా ముక్కలు, కొంచెం మంట పెంచి ముద్దయ్యేదాకా ఐదారు నిమిషాలు. మన నాటు టమాటా పులుపెక్కువ కాబట్టి రెండుకి మించి వద్దు, హైబ్రిడ్ అయితే మూడు వేసినా నష్టం లేదు.

ఆలివ్ నూనె గురించి ఒక మాట. షాపుల్లో రెండు రకాలు కనిపిస్తాయి, ఎక్స్‌ట్రా వర్జిన్, పొమేస్. పొమేస్ అంటే కాయల్ని పిండేశాక మిగిలిన పిప్పిలోంచి తీసి శుద్ధి చేసిన నూనె, వేయించడానికి పనికొస్తుంది, వాసన ఏమీ ఉండదు. అలాంటప్పుడు దానికి అంత డబ్బెందుకు, మీ ఇంట్లో ఉన్న సన్‌ఫ్లవరో తవుడు నూనో వాడి, ఒక చిన్న సీసా ఎక్స్‌ట్రా వర్జిన్ కొనుక్కుని చివర్లో పచ్చిగా పైన పోసుకోండి, రుచి తెలిసేది అప్పుడే. వెన్న ఉంటే ఒక చెంచా వేసి మగ్గబెట్టినా తప్పులేదు, ఉత్తర ఇటలీలో వంట చాలావరకు వెన్నతోనే. కొబ్బరి నూనె, నువ్వుల నూనె మాత్రం వద్దు. కోనసీమలో ఉండి కొబ్బరి వద్దనడం బాధగానే ఉంది గానీ ఆ వాసన దీనికి కుదరదు.

దొరకని వాటికి బదులు ఏంటి

ఇక్కడే చాలామంది ఆగిపోతారు, సెలెరీ లేదు, ఒరెగానో లేదు, పార్స్లీ లేదు అని. నిజానికి రాజమండ్రి, కాకినాడ, భీమవరంలో పెద్ద సూపర్ మార్కెట్లలో సెలెరీ అప్పుడప్పుడు కనిపిస్తుంది, పాలకొల్లు, అమలాపురంలో వారం వారం దొరుకుతుందని నమ్మకం పెట్టుకోలేం. దొరక్కపోతే కొత్తిమీర కాడలు వాడండి, ఆకులు కాదు, కింద లావుగా ఉండే కాడలు, పిడికెడు సన్నగా తరిగి. సెలెరీ, కొత్తిమీర, క్యారెట్ ఒకే కుటుంబం మొక్కలు కాబట్టి అతుకు పెట్టినట్టు ఉండదు. సెలెరీ రుచే వస్తుందని చెప్పను, సూప్‌కి కావలసిన పచ్చి ఆకువాసన మాత్రం వస్తుంది.

ఒరెగానోకి బదులు పిజ్జాతో వచ్చే చిన్న పొట్లాలు చాలా ఇళ్లల్లో ఫ్రిజ్ తలుపులో మూలుగుతుంటాయి, వాటిని వాడేయండి. అవి కూడా లేకపోతే పెరట్లో వామాకు ఉంటుంది కదా, బజ్జీలు వేసుకునే మందపాటి ఆకు, అది. పేరు వామాకే గానీ మనం కొనే వాము గింజల మొక్క వేరు, ఇది తులసి కుటుంబంలోది, ఒరెగానోకి ఆ ఘాటు ఇచ్చే కార్వాక్రాల్ అనే పదార్థం దీంట్లోనూ దండిగా ఉంటుంది. నలుగురి సూప్‌కి ఒక పెద్ద ఆకు, లేదా రెండు చిన్నవి, సన్నగా తరిగి టమాటాతో పాటు వేసి మగ్గనివ్వండి. ఎక్కువైతే దగ్గుమందు తాగినట్టుంటుంది, అందుకే చెయ్యి బిగించి.

బిర్యానీ ఆకు వేయమని చాలా వంటల్లో రాస్తారు, ‘బే లీఫ్’ అని చదివి మన బిర్యానీ ఆకు తెచ్చి వేసేస్తారు. రెండూ ఒకటి కాదు. ఇటలీ వాళ్లు వేసేది లారెల్ చెట్టు ఆకు, మధ్యలో ఒకే ఈనె ఉండి దాని నుంచి పక్కలకి చిన్న ఈనెలు చీలతాయి. మనది దాల్చిన చెక్క జాతి చెట్టుది, ఆకు పొడవునా మూడు ఈనెలు సమాంతరంగా వెళతాయి, వాసన కూడా దాల్చినచెక్క వాసనే. షాపులో చూసి కొనండి, ఒక్క ఈనె ఉన్నది దొరికితే కుక్కర్‌లో కోడితో పాటు వేయండి, మూడు ఈనెలదైతే ఆదివారం పలావుకి దాచుకోండి.

బాసిల్ అన్నచోట తులసి కూడా అంతే. పూజ తులసిలో లవంగం ఘాటు ఉంటుంది, సూప్ కషాయం అయిపోతుంది. ఎండాకాలం షర్బత్‌లో నానబెట్టుకునే సబ్జా గింజలు ఉన్నాయి చూశారూ, అవి వచ్చే మొక్క ఇటలీ బాసిల్ జాతిదే, రకం వేరు కాబట్టి వాసన కాస్త తేడాగా ఉంటుంది, అయినా ఒక కుండీలో గింజలు చల్లితే చక్కగా మొలుస్తుంది. మొక్కల మీద ఇష్టం ఉన్నవాళ్లు ఎలాగూ కడియం నర్సరీలకి వెళుతూనే ఉంటారు, ఈసారి గులాబీలతో పాటు రోజ్‌మేరీ, బాసిల్ ఉన్నాయా అని కూడా అడిగి చూడండి. రోజ్‌మేరీని మాత్రం నీళ్లు నిలవని కుండీలో పెట్టండి, మన డెల్టా నల్లమట్టీ వానాకాలం తేమా దానికి బొత్తిగా పడవు.

గింజల విషయంలో నేను రాజీ పడి బొబ్బర్లు చెప్పాననుకోకండి. ఇప్పుడు ఇటలీలో ఎక్కువగా వేసేది కనెల్లీనీ అనే తెల్ల చిక్కుడు గింజ, రాజ్మా జాతి. కానీ ఆ జాతీ టమాటా రెండూ 1492 తర్వాత అమెరికా నుంచి యూరప్‌కి వచ్చినవే, అంతకుముందు అక్కడివాళ్లు తిన్న గింజల్లో బొబ్బర్ల జాతి కూడా ఉంది, ఇటలీలోని తస్కనీ ప్రాంతంలో ఇప్పటికీ తింటారు. ఇంట్లో తెల్ల రాజ్మా ఉంటే అవీ వాడొచ్చు, రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కుక్కర్‌లో పూర్తిగా ఉడికించాలి, రాజ్మా సగం ఉడికితే కడుపు గందరగోళం అవుతుంది.

కలపడం

కుక్కర్ ఒత్తిడి దిగింది. మూత తీసి రసాన్ని జల్లెడలో వడకట్టి, మగ్గిన కూరగాయల గిన్నెలోకి పోయండి. లేయర్ అయితే పైన పసుపురంగు కొవ్వు పొర కనిపిస్తుంది, అందులో రెండు చెంచాలు ఉంచి మిగతాది తీసేయండి, పారేయక్కర్లేదు, మర్నాడు బంగాళాదుంపలు వేయించుకోవచ్చు. కుక్కర్‌లో ఉడికిన ఉల్లి, క్యారెట్ ముక్కలు వాటి సారం అంతా ఇచ్చేశాయి, అవి వదిలేయండి.

ముక్కలు చల్లారాక ఎముకల నుంచి మాంసం వేళ్లతో విడదీసి పీచులుగా చేయండి. పిల్లలు తినే ఇంట్లో ఈ పని తొందరపడకుండా చేయాలి, మెడ దగ్గరా పక్కటెముకల దగ్గరా చిన్న చిన్న ఎముకలు దాక్కుంటాయి. మాంసాన్ని చివర్లో వేద్దాం, ఇప్పటికే బాగా ఉడికింది.

ఉడికిన బొబ్బర్లలో మూడో వంతు తీసి పప్పుగుత్తితో మెత్తగా ఎనిపి, మిగతా గింజలతోనూ ఆ ఉడికిన నీళ్లతోనూ కలిపి సూప్‌లో వేసేయండి. కార్న్‌ఫ్లోర్ చేయాల్సిన పని ఈ ముద్ద చేస్తుంది, పైగా రుచితో. పర్మజాన్ చీజ్ ఉన్నవాళ్లు దాని గట్టి పెచ్చుని పారేయకుండా కడిగి ఇప్పుడు సూప్‌లో వేయండి, ఇటలీ ఇళ్లల్లో ఇది మామూలే, మెత్తబడి లోపలి ఉప్పనా కమ్మదనం అంతా దింపుతుంది, వడ్డించేముందు తీసేయాలి. ముక్కలుగా దొరికే ప్రాసెస్డ్ చీజ్ మాత్రం వేయకండి, బంకలా సాగి గిన్నె అడుక్కి అంటుకుంటుంది. చీజ్ లేకపోతే ఆ చోట ఏమీ వేయక్కర్లేదు, కోడి మంచిదైతే అదే నిలబెడుతుంది.

సూప్ పది నిమిషాలు చిన్నగా ఉడకనివ్వండి, ఉప్పు చూడండి. పాస్తా ఉప్పు పీలుస్తుంది కాబట్టి ఈ దశలో నాలుకకి ఒక రవ్వ ఎక్కువే ఉండాలి.

పాస్తా, సేమ్యా, బియ్యం

సూప్‌లో వేసే పాస్తా చెంచాలో పట్టేంత చిన్నదిగా ఉండాలి. ఎల్బో మకరోనీ ఇప్పుడు పల్లెటూరి కిరాణా కొట్లలో కూడా దొరుకుతోంది, అది సరిపోతుంది. పాకెట్ మీద డ్యూరమ్ గోధుమ రవ్వ అని ఉన్నది చూసుకోండి, మైదాతో చేసినది పది నిమిషాల్లో జావ అవుతుంది. అదీ లేకపోతే మన పాయసం సేమ్యా. నవ్వకండి, సన్నటి పాస్తా తీగల్ని విరిచి చికెన్ రసంలో ఉడికించడం ఇటలీలో పాత పద్ధతే, సేమ్యా కూడా డ్యూరమ్ రవ్వదైతే వాళ్లకీ మనకీ తేడా పాకెట్ మీద బొమ్మే. నెయ్యిలో వేయించకుండా నేరుగా వేయండి, మూడు నిమిషాల్లో ఉడుకుతుంది. మకరోనీకి ఎనిమిది నుంచి పది.

బియ్యం కూడా వేయొచ్చు. ఉత్తర ఇటలీలో పో నది పొడవునా వరి పండిస్తారు, ఆ నది డెల్టాలో కూడా, అక్కడ చికెన్ రసంలో అన్నం ఉడికించుకు తినడం ఇంటింటి భోజనం. వాళ్ల బియ్యం పొట్టిగా లావుగా ఉండి జిగురు వదులుతుంది. మార్టేరులో పుట్టిన మన స్వర్ణ అంత జిగురు ఇవ్వదు గానీ పిడికెడు బియ్యం కడిగి వేసి పావుగంట పైన ఉడికిస్తే పేచీ లేకుండా కలిసిపోతుంది. బాసుమతి వద్దు, దాని వాసన విడిగా వినిపిస్తుంది.

ఒక జాగ్రత్త. ఇంట్లో అందరూ ఒకేసారి తినరు అనుకుంటే పాస్తాని గిన్నెలో వేయకండి. విడిగా ఉప్పునీళ్లలో ఉడికించి వార్చి, ఎవరు కూర్చుంటే వాళ్ల ప్లేటులో పిడికెడు వేసి పైన వేడి సూప్ పోయండి. డ్యూటీ దిగి పది గంటలకి వచ్చే మనిషికి ముద్ద కట్టిన పాస్తా పెట్టే బాధ తప్పుతుంది.

పాస్తా ఇంకో రెండు నిమిషాల్లో అవుతుందనగా పాలకూర తరిగి వేయండి, చికెన్ పీచులు వేయండి. పాలకూర లేకపోతే లేత తోటకూర. గోంగూర, చుక్కకూర పులుపు కాబట్టి కుదరవు, మెంతికూర చేదు. స్టవ్ ఆర్పేసి అర చెక్క నిమ్మరసం, అప్పుడే దంచిన మిరియాలు, పైన ఒక చెంచా పచ్చి ఆలివ్ నూనె. నిమ్మకాయ తొక్కని పైపైన తురిమి చిటికెడు వేస్తే వాసన ఇంకా బాగుంటుంది, తెల్లభాగం దాకా తురమకండి, చేదు.

కారం లేనిదే ముద్ద దిగనివాళ్లకి

ఇటలీ దక్షిణాన కలబ్రియా అని ఉంది, అక్కడివాళ్లు మిరపకాయ విషయంలో మనకి చుట్టాలే. కూరగాయలు మగ్గబెట్టేముందు నూనెలో రెండు ఎండుమిర్చి తుంచి వేసి, రంగు మారకముందే మిగతావి వేసేస్తే కారం నూనెలోంచి సూప్ అంతటికీ నెమ్మదిగా ఎక్కుతుంది. ఇంట్లో సగం మందికే కావాలంటే చిన్న మూకుట్లో ఆలివ్ నూనె గోరువెచ్చగా చేసి ఎండుమిర్చి కచ్చాపచ్చాగా దంచి వేసి పక్కన పెట్టుకోండి, కావలసినవాళ్లు ఒక చెంచా పోసుకుంటారు. కారప్పొడి నేరుగా కలపొద్దు, పచ్చివాసన.

పక్కన ఏం పెట్టాలి అంటే, వాళ్లు గట్టి పెచ్చు ఉన్న రొట్టె పెడతారు. మన బేకరీ బ్రెడ్ చాలావరకు తియ్యగా ఉంటుంది, సూప్‌లో ముంచితే బాగోదు. నా ఓటు దిబ్బరొట్టెకి. మినప్పిండితో మూకుట్లో వేసి మూతపెట్టి ఎర్రగా కాల్చిన దిబ్బరొట్టె, పైన కరకరలాడుతూ లోపల మెత్తగా, ముక్క తుంచి ఈ సూప్‌లో ముంచుకుంటే... ఇటలీవాళ్లు ఏమనుకుంటారో నాకనవసరం. ఇడ్లీ పిండి ఎలాగూ ఫ్రిజ్‌లో ఉండే ఇల్లయితే కుక్కర్ సిమ్‌లో ఉన్న ఆ 25 నిమిషాల్లో రొట్టె కూడా అయిపోతుంది.

మిగిలితే

మన ఉక్కకి చికెన్ రసం బయట రెండు గంటలకి మించి ఉంచకూడదు. పెద్ద గిన్నెని అలాగే వేడివేడిగా ఫ్రిజ్‌లో తోసేయకుండా రెండు మూడు వెడల్పు గిన్నెల్లోకి తీసి త్వరగా చల్లార్చి పెట్టండి. రెండు రోజులు బాగుంటుంది. లేయర్‌తో చేసిన రసం చల్లారాక జెల్లీలా గడ్డకడుతుంది, పాడైందని పారేయకండి, మీ కోడి సరైనదని అర్థం. మళ్లీ వేడి చేసేటప్పుడు పాస్తా నీళ్లు పీల్చేసి ఉంటుంది కాబట్టి ఒక గ్లాసు వేన్నీళ్లు పోసి బాగా మరగనివ్వాలి, గోరువెచ్చగా చేసి తినడం వద్దు.

కూరగాయల్లో కలపకముందే వడకట్టిన రసం రెండు గ్లాసులు విడిగా తీసి ఉంచుకుంటే మర్నాడు పొద్దున్నకి రోమ్ పద్ధతి చేసుకోవచ్చు. రెండు గుడ్లు, రెండు చెంచాల పర్మజాన్ తురుము, చిటికెడు జాజికాయ పొడి, ఉప్పు కలిపి గిలక్కొట్టండి. రసం తెర్లుతుండగా మంట తగ్గించి ఒక చేత్తో సన్న ధారగా పోస్తూ ఇంకో చేత్తో ఫోర్కుతో తిప్పుతూ ఉండాలి, గుడ్డు ఉన్ని తునకల్లా విడిపోతుంది. ఒక నిమిషం ఉడకనిచ్చి దించేయడమే. చీజ్ లేకపోతే గుడ్లలో ఒక చెంచా బొంబాయి రవ్వ కలపండి, ఇటలీలో కూడా కొందరు రవ్వ కలుపుతారు, అలాగైతే ఇంకో రెండు నిమిషాలు ఎక్కువ ఉడకాలి, ఉప్పు కూడా ఒక చిటికెడు పెంచుకోవాలి.